మీ మతం ఏ ఓడలో వచ్చింది?

తొమ్మిదో తరగతిలో మా సోషల్ మాస్టారు వాస్కోడగామా పాఠం చెబుతూ చెబుతూ ఆగి, మూడో బెంచీ వైపు చూసి, "ఒరే, మీ మతం వచ్చిన ఓడ ఇదేరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని ఆ వయసుకే తెలిసిపోయింది. ఆయన చెడ్డవాడేం కాదు. పరీక్ష ఫీజుకి ఇంట్లో డబ్బుల్లేనప్పుడు రెండుసార్లు తన జేబులోంచి కట్టాడు. అయినా ఆ ఫీజు గుర్తుకు రావాలంటే కాస్త ఆలోచించాలి, ఓడ మాట మాత్రం పిలవకుండానే వస్తుంది.

దానికి సమాధానం నాకు మా పెద్దమామయ్య దగ్గర దొరికింది. ఇప్పుడైతే ఆయన దాన్ని ఏటా డిసెంబరులో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాడు. యేసు శిష్యుడు తోమా క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగాడు, క్రీ.శ. 72లో మద్రాసు దగ్గర కొండ మీద బల్లెం పోటుకి చనిపోయాడు, కాబట్టి మనం గామా కంటే పద్నాలుగు వందల ఏళ్ళు సీనియర్లం. కాలేజీలో, ఆఫీసులో, టీ బంకుల దగ్గర ఎన్నిసార్లు వాడానో ఈ వాదన. ఎదుటివాడు కాసేపు నోరు మూసుకునేవాడు. నాకది చాలేది.

పదకొండేళ్ళుగా మద్రాసులో ఉంటూ ఆ కొండ ఎక్కింది మాత్రం మొన్ననే. అమ్మ కంటి ఆపరేషన్‌కి వచ్చి, నెల తర్వాత చెకప్‌కి మళ్ళీ వచ్చింది. డాక్టరు అంతా బాగుందన్నాడు. "కన్నొచ్చింది గదా, ఏదన్నా చూపించరా" అంది. బీచి చూసింది, మాల్ చూసి తల నొప్పి తెచ్చుకుంది. సరే, సెయింట్ థామస్ మౌంట్‌కి పోదాం అన్నాను.

తమిళంలో దాని పేరు పరంగిమలై. ఫిరంగి, పరంగి ఒకటే మాట, పోర్చుగీసు దొరలనే అర్థం. ఈ పరంగి అన్న మాట కూడా తమాషాగా తిరిగింది. సీమలో కొన్నిచోట్ల పరంగికాయంటే బొప్పాయి. తమిళుడికి అదే మాట గుమ్మడికాయ. రెండు కాయలూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. కాయ మారింది గానీ, పరాయిదన్న ముద్ర మారలేదు. కొండకీ అదే ముద్ర పడింది. పరంగివాళ్ళు గుడి కట్టారు కాబట్టి పరంగి కొండ. అంటే మా సోషల్ మాస్టారు చెప్పిన మాట రైల్వే స్టేషన్ బోర్డు మీద కూడా రాసి ఉందన్నమాట.

కొండ పెద్దదేం కాదు, మూడు వందల అడుగుల ఎత్తు ఉంటుందేమో. కారు పైదాకా పోతుంది. అమ్మ మెట్ల మీదే ఎక్కుతానంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆమె ఆయాసం చూసుకుంటూ లెక్క తప్పాను. ఈ మెట్లు కట్టించినవాడు పోర్చుగీసువాడూ కాదు, ఇంగ్లీషువాడూ కాదు. పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు. కొండకొచ్చే జనం అడయారు నది దాటలేక అవస్థ పడుతున్నారని 1726లో సైదాపేట దగ్గర వంతెన కట్టించిందీ ఈయనే. చనిపోయాక ఒళ్ళు మద్రాసులోనే వేపేరిలో పూడ్చారు, గుండెను మాత్రం పర్షియాలోని జుల్ఫాకి, తన వాళ్ళ ఊరికి పంపించారట. ఎక్కడి మనిషి, ఎక్కడి మెట్లు! ఈ కథ చెబితే అమ్మ మెట్టు మీద కూర్చుని, "గుండె తీసి పంపిచ్చారా?" అని రెండుసార్లు అడిగింది.

దారి పొడుగునా సిలువ ప్రయాణం ఘట్టాలు పద్నాలుగు, బొమ్మలుగా పెట్టారు. ప్రతి చోటా ఎవరో ఒకరు ఆగి, తాకి, కళ్ళకద్దుకుంటున్నారు. మేం ఒంగోలు బాప్తిస్టులం. మా గుళ్ళో గోడ మీద ఒక వాక్యం, ఒక గడియారం తప్ప ఏముండవు. ఆరో బొమ్మ దగ్గర అమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఏందిరా ఇది, బొమ్మలకి మొక్కటం? నన్నెక్కడికి తీసకొచ్చావు?" అంది గుసగుసగా. "చూట్టానికే మా, మొక్కటానికి కాదు" అన్నాను. కానీ పదకొండో బొమ్మ దగ్గర, చీలలు కొట్టే చోట, ఆమే ఆగిపోయింది. మొక్కలేదు. ఊరికే నిలబడింది. నేనేమీ అనలేదు.

గుడి చిన్నది. ఊళ్ళో గుడంత. పేరు నిరీక్షణ మాత గుడి, కడుపుతో ఉండి కానుపు కోసం ఎదురుచూస్తున్న మరియమ్మ అని. సువార్త రాసిన లూకా స్వయంగా గీసిన మరియమ్మ పటాన్ని తోమా వెంట తెచ్చాడని, అదే ఇక్కడుందని చెబుతారు. అందరూ దాని కోసం, లేదంటే తోమా ఎముక ముక్క కోసం వస్తారు. ఫొటోల కోసం వచ్చేవాళ్ళు లోపలికే రారు, బయటి పిట్టగోడ దగ్గరే ఉంటారు. నేను వచ్చింది మాత్రం పీఠం వెనక గోడలో ఉన్న రాయి కోసం. అయినా దాన్ని నాకంటే ముందు సరిగ్గా చూసింది అమ్మే, కొత్త కన్నుతో.

"ఆ మొసళ్ళేందిరా?" అంది.

నల్లటి రాతి పలక. మధ్యలో ఉబ్బెత్తుగా చెక్కిన సిలువ. నాలుగు కొసలూ మొగ్గల్లా విచ్చుకుంటున్నాయి. పైనుంచి ఒక పావురం తలకిందులుగా దిగి, ముక్కుతో సిలువ నెత్తిని తాకబోతోంది. కింద ఆకులు రెండు పక్కలకీ విచ్చుకున్నాయి. అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటి మీద నోళ్ళు తెరిచిన మృగాలు, ఆ నోళ్ళలోంచి లేచిన కమాను. మకరతోరణం. మా ఊరి రామాలయంలో దేవుడి వెనక ఇత్తడితో ఉండేదీ అదే. మేం దాన్ని వాకిలి బయట నుంచే చూసేవాళ్ళం. "మన రామాలయంలో మాదిరే ఉందే" అంది అమ్మ. ఆ "మన"ని నేను గమనించాను, ఆమె గమనించలేదు.

కమాను చుట్టూ ఒక వరస రాత. తమిళం కాదు, గ్రీకు కాదు, లాటిన్ అసలే కాదు. పహ్లవి, అంటే పాత పర్షియా భాష. 1547లో పోర్చుగీసువాళ్ళు ఇక్కడ గుడి కోసం తవ్వుతుంటే ఈ రాయి బయటపడింది. పరంగివాళ్ళు సిలువను మోసుకుని ఇంత దూరం ఓడలో వచ్చి, గడ్డపార వేస్తే, కింద అప్పటికే సిలువ ఉంది! ఎవరు పెట్టారో తెలియదు, ఏం రాశారో తెలియదు. నరసింగ రాజ్యం నుంచి, అంటే విజయనగరం నుంచి, ఒక పండితుణ్ణి పిలిపించారని పోర్చుగీసువాళ్ళే రాసుకున్నారు. ఆ మహానుభావుడు ఆ కాసిని అక్షరాల్లోంచి తోమా కథంతా లాగి, పొడుగ్గా చదివి వినిపించాడట. తెలుగు పండితుడేనేమోనని నాకొక చిలిపి అనుమానం. దొరలు ఏం వినాలనుకుంటున్నారో పట్టేసినవాడని మాత్రం తేలిపోతోంది.

అవి పహ్లవి అక్షరాలని గట్టిగా తేల్చినవాడు ఏ.సి. బర్నెల్ అనే ఇంగ్లీషు జడ్జి. 1873లో దీని మీద పుస్తకం వేశాడు. తర్వాత పండితులు రాతని బట్టి ఏడు నుంచి తొమ్మిదో శతాబ్దం మధ్యలో పెట్టారు. అర్థం దగ్గర మాత్రం ఒకరికీ ఇంకొకరికీ పొత్తు కుదరలేదు. నాకు నచ్చిన చదువు ఒకటుంది. దాని ప్రకారం ఆ రాతలో వేదాంతమేం లేదు. దీన్ని చెక్కిన, చహార్‌బుఖ్త్ కొడుకు అఫ్రాస్ మీద కరుణ చూపు ప్రభువా అని, అంతే. శిల్పి తన పనికి కిందనో పైనో పేరు వేసుకుని, కాస్త దయ అడుక్కున్నాడు.

ఈ రాయిని వదిలేసి కొండ మీద మిగతావన్నీ జనం పంచుకుంటున్నారు, అదీ నా మొదటి ఫిర్యాదు. భక్తులకి కావలసింది రాయి చెమర్చి రక్తం కార్చిందన్న కథ. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా మొదలై 1704 దాకా చాలాసార్లు జరిగిందని చెబుతారు. నాకు దాని మీద గొడవ లేదు, నమ్మకమూ లేదు. అటువైపు వాళ్ళకి కావలసింది తోమా అసలు రాలేదన్న తీర్పు. అదీ తేలదు. తోమా ఇండియా వెళ్ళాడని చెప్పే పాత సిరియా భాష గ్రంథం మూడో శతాబ్దానిది. అందులో ఉన్నది గొండోఫరెస్ అనే వాయవ్య సరిహద్దు రాజు, మైలాపూరు కాదు. పదమూడో శతాబ్దం చివర ఇటు వచ్చిన మార్కో పోలో విన్న కథ ఇంకోటి. తోమా అడవిలో ప్రార్థన చేసుకుంటున్నాడు, చుట్టూ నెమళ్ళు మేస్తున్నాయి, ఎవరో నెమలికి గురిపెట్టిన బాణం వచ్చి ఈయనకి తగిలింది. అంటే హత్య కాదు, ప్రమాదం. బల్లెం లేదు, పగ లేదు. మైలాపూరంటేనే నెమళ్ళ ఊరు కాబట్టి ఈ కథకి ఊరి వాసన కూడా ఉంది. ఇది మా మామయ్యకి చెబితే, "నెమలి కోసం కొట్టిన బాణానికి అపొస్తలుడు చచ్చిపోతాడా?" అని కోప్పడ్డాడు.

రాయి మాత్రం తేలిపోయిన సంగతి. గామాకి ఆరేడు వందల ఏళ్ళ ముందు ఈ కొండ మీద పర్షియా మాట రాసి, మన మకరతోరణం కింద సిలువ చెక్కుకుని, మనుషులు ప్రార్థన చేశారు. అద్భుతం అక్కర్లేదు, అపొస్తలుడూ అక్కర్లేదు. మాస్టారికి జవాబు ఇంతకంటే గట్టిగా ఎక్కడ దొరుకుతుంది? నిజానికి నేను దాని కోసమే కొండెక్కాను. పిట్టగోడ దగ్గర నిలబడి ఫోన్ తీసి, గ్రూపులో పెట్టడానికి సగం టైపు చేశాను కూడా.

పక్కన అమ్మ వాటర్ బాటిల్ మూత బిగిస్తూ, "అయితే తోమా మన ఒంగోలు దాకా రాలేదా?" అంది.

రాలేదమ్మా. అఫ్రాసూ రాలేదు. ఒంగోలు వచ్చింది అమెరికా బాప్తిస్టులు, ఓడలోనే. 1854 జనవరి 1న చీకటితోనే జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు గుట్ట ఎక్కి, ఈ ఊరికి ఎవరినైనా పంపించు ప్రభువా అని ప్రార్థన చేశారు. ఆ గుట్ట మీద మెట్లు కట్టించడానికి అర్మేనియా వర్తకుడెవరూ రాలేదు. పన్నెండేళ్ళకి క్లౌ దొర వచ్చాడు. ఆయన కంటే ముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తనంతట తాను దారి వెతుక్కుంటూ వచ్చి, 1866లో బాప్తిస్మం తీసుకుని, పల్లెపల్లెకీ నడిచి చెప్పాడు. మా ఇంటికి వాక్యం తెచ్చింది దొర కాదు, చెప్పుల సంచీ భుజాన వేసుకున్న మనవాడే అని మా నాయనమ్మ చెప్పేది.

తర్వాత 1876–78 కరువు. క్లౌ దొర ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాలమాదిగలకి పని ఇచ్చాడు. "గంజి కోసం మతం మారారు" అనేవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కరువు నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట పడుతుందని. కరువు తగ్గాక వచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆ ఏడాది చివరికి తొమ్మిది వేలు దాటారు. మా ముత్తాతకి తాత కాలవ తవ్వాడని, ఆ తర్వాతే గుండ్లకమ్మలో మునిగాడని ఇంట్లో మాట. కాగితాలేమీ లేవు. మా వాళ్ళకి కాగితాలుండవు.

ఇంతకీ నేను ఇరవై ఏళ్ళుగా ఎవరి పాతదనం అరువు తెచ్చుకుని తిరుగుతున్నాను? క్రీ.శ. 52 అంటూ ఎదుటివాడి నోరు మూయించిన ప్రతిసారీ నేను ఒప్పుకున్నది ఏమిటంటే, పాతదైతేనే మనది, కొత్తదైతే పరాయిది అని. ఆ లెక్కన 1866లో గుండెల నిండా ధైర్యంతో నడిచొచ్చిన పేరయ్య పరాయివాడు. 1878లో నీళ్ళలో దిగిన ఆ రెండు వేల మందీ పరాయివాళ్ళు. మాస్టారు నన్ను ఒక ఓడలోంచి దించితే, నేను మా తాతల్ని ఇంకో ఓడ ఎక్కించాను.

పాతదనం మనుషుల్ని ఏం చేస్తుందో కేరళలో చూడొచ్చు. అక్కడ కొన్ని సిరియన్ క్రైస్తవ కుటుంబాలు తాము తోమా చేతి మీదుగా బాప్తిస్మం పొందిన నంబూద్రి బ్రాహ్మల సంతతి అని చెప్పుకుంటాయి. మతంలోకి వచ్చి రెండు వేల ఏళ్ళయిందన్న వాళ్ళే, కులం మాత్రం తడవకుండా ఒడ్డున పెట్టి వచ్చామంటున్నారు. ఆ 52 నాకెందుకు? ఆ సంవత్సరం పట్టుకుని నేను వాళ్ళ గుమ్మంలోకి వెళితే, అక్కడా నన్ను వాకిలి బయటే నిలబెడతారు.

మిరపకాయ వాదన కూడా ఉంది. మిరపకాయా, మా ప్రకాశం పొగాకూ పోర్చుగీసు ఓడల వల్లే వచ్చాయి, వాటిని ఎవరూ పరాయివనరు గదా అంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. ఇప్పుడది నచ్చడంలేదు. మిరపనారు ఎవరినీ అడిగి మొలవలేదు. మా వాళ్ళు ఆలోచించుకుని, ఊరి పెద్దల చేత తిట్లు తిని, కొన్నిచోట్ల బావి దగ్గర నీళ్ళు కూడా పుట్టకుండా పోతాయని తెలిసి, ఒక దారి ఎంచుకున్నారు. అది దిగుమతి కాదు, నిర్ణయం.

ఇదంతా మాటల సరదా అయితే ఇంత రాయను. ఏ మతం ఎక్కడ పుట్టిందన్న లెక్క మా ఇంట్లో సర్టిఫికెట్ల దాకా వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుడైన మాదిగ ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ, రిజర్వేషన్‌లో వాటా ఒక శాతం. బడిలో, బావి దగ్గర, అద్దె ఇంటి గుమ్మంలో మాత్రం జనం మమ్మల్ని ఏ ఉత్తర్వూ చూడకుండానే గుర్తుపడతారు. మామయ్య ఆశ ఏమిటంటే, తోమా నిజంగా వచ్చాడని రుజువైతే మనల్నీ ఇక్కడి వాళ్ళ కింద లెక్కిస్తారని. ఇక్కడి మనిషినని రుజువు చేసుకోవడానికి పాలస్తీనా మనిషి ఎముక ముక్క కావాలా మామయ్యా అని అడిగాను. రెండు రోజులు గ్రూపులో మాట్లాడలేదు. ఆయన బాధ నాకు తెలుసు. ఆయన కొడుక్కి ఉద్యోగం తప్పింది ఆ సర్టిఫికెట్ దగ్గరే. అందుకే గట్టిగా వాదించలేకపోతాను.

గ్రూపులో పెట్టబోయిన మెసేజీ చెరిపేశాను. రాయి గొప్పదే. దాన్ని మాస్టారి మీదికి విసరడానికి చెక్కలేదు అఫ్రాస్.

బయట ఎండ తగ్గింది. పిట్టగోడ దగ్గర నుంచి ఎయిర్‌పోర్టు రన్‌వే, కత్తిపారా ఫ్లైఓవర్ ముడి, అవతల మసగ్గా ఊరు. విమానం దిగుతుంటే పిల్లలు కేకలు. దేశాన్ని కొలవడం మొదలైందీ ఇక్కడే. 1802 ఏప్రిల్లో లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వే అధికారి ఈ కొండ కింద నుంచి పెరుంబాక్కం గుట్ట వైపు ఏడున్నర మైళ్ళ గీతని వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలిపించాడు. తర్వాత మన గుత్తి దగ్గర ఒక గీత, బీదరు దగ్గర ఇంకోటి, అలా పోయి పోయి హిమాలయాల దాకా. ఆయన కోసం ఇంగ్లండు నుంచి బయల్దేరిన అర టన్ను థియొడొలైట్, అంటే కోణాలు కొలిచే యంత్రం, ఉన్న ఓడని ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు, తర్వాత మర్యాదగా పంపించారు. అదీ ఓడ కథే. అమ్మకి ఇవేమీ పట్టలేదు. విమానాలు లెక్కపెడుతోంది. "అయిదు" అంది.

దిగేటప్పుడు, "ఆ రాయి చెక్కినోడి పేరేందన్నావు?" అని అడిగింది. చెప్పాను. చచ్చిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదని మా సంఘంలో గట్టి నియమం, ఆమె స్త్రీల సమాజానికి కార్యదర్శి కూడా. నాలుగు మెట్లు దిగాక మళ్ళీ అడిగింది.

ఇంటికి మైలాపూరు మీదుగా, ఎత్తు పట్టాల మీద పోయే రైల్లో వచ్చాం. కిటికీ కింద నల్లటి నీళ్ళు, ప్లాస్టిక్కు, గుర్రపుడెక్క. పట్టాల స్తంభాలు ఆ నీళ్ళలోనే దిగి ఉంటాయి. పదకొండేళ్ళుగా ఈ దారిన తిరుగుతూ నేనెవరికీ చెప్పని సంగతి అమ్మకి చెప్పాను. అది బకింగ్‌హాం కాలవ, అడయారు నుంచి కూవం దాకా ఉన్న ఈ ముక్క కూడా ఆ కరువులోనే, 1877–78లోనే, కూలికొచ్చిన జనం చేత తవ్వించారని.

"మన కాలవేనా?"

"మనది ఒంగోలు వైపు ముక్క. కాలవ మాత్రం ఇదే."

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "అబ్బ, ఏం కంపురా" అంది. స్టేషన్ వచ్చేదాకా మాత్రం కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.